మూడు చిటికెలు

జనవరి 9

కోడలు పెనం వదిలేసి వెళ్ళింది. అంటే దానికోసం వస్తుంది.

జనవరి 10

నిన్న ఆ ఒక్క ముక్క రాసి పెన్ను పక్కన పడేశాను. ఇవాళ వరసగా రాస్తాను. ఇంకెవరితో చెప్పుకోను, గోడలతోనా?

నిన్న సాయంత్రం మిషను దగ్గర కూర్చుని ఎవరిదో ప్యాంటు అంచు మడుస్తున్నాను. కోడలు ఆసుపత్రి నుంచి వచ్చే వేళ దాటిపోయింది. అంతలో మా వాడు వచ్చాడు. బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డాడు.

"తను ఇంక రాదమ్మా. పొద్దున నువ్వు షాపుకెళ్ళాక బట్టలు సర్దుకుని వెళ్ళిపోయింది. ఇద్దరం అనుకునే చేశాం."

ఇద్దరూ అనుకున్నారట. ఈ ఇంట్లో ఉండేది ముగ్గురం.

"పోట్లాడుకున్నారా?"

"పోట్లాటలన్నీ ఎప్పుడో అయిపోయాయమ్మా. మాకు కుదరలేదు, అంతే."

ఆ పోట్లాటలు ఎప్పుడయ్యాయో నాకు తెలీదు. నా మిషను అంత చప్పుడు చేస్తుందా? పోనీ అయ్యాయే అనుకో, కుదరడం గురించి నాకా చెప్పేది? కుదరకపోతే కుట్టు విప్పాలి. చంకలో కాస్త వదలాలి, నడుము దగ్గర కాస్త పట్టాలి, మళ్ళీ వేసుకుని చూడాలి. ఒక్కసారి వేసుకుని కుదరలేదని విసిరికొట్టిన బట్టలే మా లాండ్రీ షాపులో నా బల్ల మీద గుట్టగా పడి ఉంటాయి. వాటిని దార్లోకి తేవడమే నా పని. ఇదంతా వాడితో అనలేదు. "బూట్లు విప్పి కూర్చోరా" అన్నాను.

వాడు గదిలోకి వెళ్ళాక వంటిల్లంతా చూశాను. తన కప్పు లేదు. తన ఏప్రన్ లేదు. స్టవ్వు మీద ఆ పెనం మాత్రం ఉంది. ఇనప పెనం, నల్లగా, లోతుగా ఉంటుంది. కొన్న రోజున "ఇది పెనమా, చంటిపిల్లకి నీళ్ళు పోసే తొట్టా?" అన్నాను. "మీ మనవరాలు పుట్టేదాకా వంటకి వాడుకుందాం అత్తయ్యా" అంది. దాని నోటికి అడ్డూ ఆపూ ఎక్కడుంది?

అందుకే పిట్ట అని పేరు పెట్టాను. తినేది పిట్టంత, కూసేది ఊరంతా వినపడేలా. మొదట్లో వెటకారానికే పెట్టాను.

జనవరి 12

షాపులో ఓనరమ్మకి తెలిసిపోయింది. "పోనీలెండి, అత్తాకోడళ్ళ గొడవ తప్పింది మీకు" అంది, ఓదార్పుకే.

కోడలు లేని అత్త గుణవంతురాలని సామెత. ఇవాళ్టి నుంచి నేను గుణవంతురాలిని. ఎవరైనా వచ్చి దండ వేస్తే ఫొటో దిగుతాను.

జనవరి 17

ఇవాళ ఆ ఆకుకూర చేద్దామనిపించింది. పిట్ట మీద బెంగతో కాదు. ఆకుకూర తిని చాలా రోజులైంది, ఒంటికి మంచిది.

ఎక్స్‌రేలు తీసీ తీసీ ఆకలితో నకనకలాడుతూ వచ్చేది. ఒక చెప్పు గుమ్మం దగ్గర, రెండోది హాలు మధ్యలో. "అత్తయ్యా, ప్రాణం పోతోంది, చిటికెలో చేసేస్తా, మీరు లేవకండి" అంటూ తిన్నగా వంటింట్లోకి. నా మిషను హాల్లో ఉంటుంది, వంటింటికి వీపు పెట్టి కూర్చుంటాను. నేను ప్యాంటు ఒక కాలు అంచు కుట్టేలోపు కూర బల్ల మీద ఉండేది. తెల్ల కాడల ఆకుకూర, వెల్లుల్లి, నల్ల సీసాలో సోయా సాసు, దించేముందు నాలుగు బొట్లు నువ్వుల నూనె, పైన వేయించిన నువ్వులు. ఎక్కడో తూర్పు దేశాల వాళ్ళ వంటట, ఫోన్లో చూసి నేర్చుకుంది. ఆకు పేరు నాకు నోరు తిరగదు. ఆకుకూరంటే మెత్తగా ఉడికి ముద్దవ్వాలనుకునేదాన్ని. ఇది పచ్చగా నిగనిగలాడుతూ కాడ దగ్గర కరకరమనేది. అన్నం పక్కన అదొక్కటి ఉంటే చాలు, ఇంకేమీ అడిగేదాన్ని కాదు.

చేస్తున్నంతసేపూ నోరు ఊరుకునేది కాదు. నా వీపుకి వినపడేలా అన్నీ అరిచి చెప్పేది. "పెనం పొగలు కక్కాలి అత్తయ్యా! ఇప్పుడు నూనె. ఇప్పుడు వెల్లుల్లి. మూడు చిటికెలు. ఇదిగో ఆకు, వినండి చప్పుడు!" జుయ్యిమనేది. నేను మిషను ఆపకుండానే ఊఁ కొట్టేదాన్ని.

అంచేత అంతా నాకు నోటికొచ్చు. ఒక్కటే తెలీదు. మూడు చిటికెలు దేనివి? ఏం వేసేది? అది చేసి పెడుతుంటే నేను అడగడం దేనికని ఎప్పుడూ అడగలేదు.

ఉప్పే అయ్యుంటుందనుకున్నాను. వెల్లుల్లి వేసి, ఉప్పు డబ్బా మూత తీసి, లెక్కగా మూడు చిటికెలు వేసి చూసేసరికి వెల్లుల్లి బొగ్గయింది. సరే కదా అని ఆకు వేసి, సాసు పోసి దించాను. సాసులోనే బోలెడు ఉప్పుంటుందని నోట్లో పెట్టుకున్నాక తెలిసింది.

మా వాడు పళ్ళెంలోకి తొంగిచూసి "ఎందుకమ్మా ఈ గడ్డి? నేను బయట తినేసి వచ్చా" అన్నాడు. గడ్డట. రోజూ రెండోసారి వడ్డించుకున్నది ఎవడ్రా మరి?

జనవరి 18

ఉప్పు కాదు.

జనవరి 24

పంచదార కూడా కాదు. దగ్గు మందులా ఉంది.

జనవరి 25

మిరియాల పొడి. తుమ్మీ తుమ్మీ కళ్ళల్లోంచి నీళ్ళు ధారలు కట్టాయి. మా వాడు గదిలోంచి "ఏడుస్తున్నావా అమ్మా?" అన్నాడు. మిరియాలురా అన్నాను. కాసేపటికి తుమ్ములు ఆగిపోయాయి. నీళ్ళు మాత్రం ఆగలేదు. మిరియాల ఘాటు అలాగే ఉంటుంది.

ఏ డబ్బా మూత తీసినా ఈలోగా వెల్లుల్లి మాడిపోతోంది. అది ఎలా చేసేదో!

ఫిబ్రవరి 2

ఓనరమ్మతో కూర సంగతి చెప్పాను. "అయ్యో, దీనికింత బాధ దేనికండీ, ఫోన్లో కొడితే వందొస్తాయి" అని కొట్టి చూపించింది. నిజంగానే వందొచ్చాయి. ఒకావిడ గాజులు గలగలలాడిస్తూ చేస్తోంది. ఒకాయన అల్లం వేస్తున్నాడు. నాకు ఆ వందా అక్కర్లేదు, ఒక్కటి కావాలి. "కళ్ళజోడు తెచ్చుకోలేదమ్మా" అని ఫోను ఆవిడకి ఇచ్చేశాను. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది.

ఫిబ్రవరి 5

పెనం కడిగాక తడి లేకుండా తుడిచి, నూనె గుడ్డతో రుద్ది పెడుతున్నాను. పిట్ట అలాగే చేసేది. తుప్పు పట్టిస్తే వచ్చినప్పుడు నన్ను తిడుతుంది.

ఫిబ్రవరి 7

ఇవాళ సాయంత్రం కూరల కొట్టుకి వెళ్ళాను. కూరలాయన ఆకు కట్టలు సంచీలో వేస్తూ నవ్వాడు.

"ఏంటండీ అక్కగారూ, ఈ తెల్ల కాడల కూర మీ ఇంట్లో తెగ పోతోంది! పొద్దున మీ కోడలు రెండు కట్టలు, ఇప్పుడు మీరు రెండు. ఇద్దరూ కూడబలుక్కుని రావచ్చు కదా."

"పొద్దున వచ్చిందా?"

"ప్రతి శనివారం వస్తోందిగా! షట్టరు సగం లేపానో లేదో వచ్చి నిలబడుతోంది. సాయంత్రం రామ్మా, తాజా సరుకు దిగుతుంది అంటే, 'సాయంత్రం అత్తయ్య వస్తారు కదా' అంటుంది. మీ మోకాలి నొప్పి ఎలా ఉందని కూడా అడిగింది. ఒకే ఇంట్లో ఉండి నన్నడగడమేంటమ్మా అని నవ్వాను."

ఆయనకి ఏమీ తెలీదు. నేనూ చెప్పలేదు. చిల్లర తీసుకోవడం మర్చిపోయి వచ్చేస్తుంటే వెనక నుంచి పిలిచి ఇచ్చాడు.

ఊళ్ళో ఇన్ని కొట్లుండగా నా కొట్టుకే వస్తోంది. నేను రాని వేళ చూసుకుని వస్తోంది.

ఫిబ్రవరి 8

డ్యూటీ మారి ఉంటుంది.

ఫిబ్రవరి 14

పొద్దున్నే లేచి కూరల కొట్టు ఎదురుగా మందుల షాపు అరుగు దగ్గర నిలబడ్డాను. దొంగసరుకు అమ్మేదానిలా అటూ ఇటూ చూస్తూ. వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. ఆకు కట్టని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, ఎప్పటిలాగే.

రోడ్డు దాటితే పది అడుగులు. దాటలేదు. పలకరిస్తే పలక్కపోతే? ఇన్నాళ్ళూ రాలేదు కాబట్టి వస్తుందని అనుకుంటున్నాను. ఎదురుపడి మొహం తిప్పుకుంటే ఇంక ఏమనుకుని బతకాలి?

మోకాలు నొప్పి, అందుకే దాటలేదు.

ఫిబ్రవరి 16

విడాకుల కాగితాల మీద ఇద్దరి సంతకాలూ అయిపోయాయట. మా వాడు ఆ కవరు బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళాడు. తీసి చదివాను. అంతా వాళ్ళిద్దరి గురించే. వాడికి అది భార్య కాదు, దానికి వాడు భర్త కాదు. అత్త సంగతి ఒక్క ముక్క లేదు. రెండుసార్లు చూశాను. నాకూ దానికీ తెగిపోయిందని ఎక్కడా రాయలేదు.

ఆ ధైర్యంతో ఫోను చేశాను.

"హలో."

"నేనే."

 "చెప్పండి" అంది.

ఎన్ని మాటలు అనుకున్నానో! బాగున్నావా, ఎక్కడుంటున్నావు, రాత్రిళ్ళు భయం వెయ్యట్లేదా. తీరా నా నోట్లోంచి వచ్చింది ఇదీ: "నీ పెనం ఇక్కడే ఉండిపోయింది. వంటింట్లో అడ్డంగా ఉంది. వచ్చి పట్టుకెళ్ళు."

అడ్డంగా ఉందట! నా నోట్లో పురుగులు పడ.

"శనివారం మధ్యాహ్నం వస్తాను. ఆయన ఉంటారా?"

"ఉండడు. వాడికి ఆఫీసుంది."

"సరేనండీ."

ఒక్కసారి కూడా అత్తయ్యా అనలేదు. సిగ్నల్ సరిగ్గా లేదు, మధ్యలో మాటలు పడిపోయాయేమో.

ఫిబ్రవరి 19

పెనం పట్టుకెళ్ళడానికి సంచీ కుట్టాను. మందం గుడ్డ, వెడల్పు పట్టీలు, బరువుకి ఊడిపోకుండా పట్టీల మొదట్లో రెండేసి కుట్లు. ఇది కుట్టి ఇస్తే తీసుకెళ్ళిపోతుంది కదా అని మధ్యలో ఒకసారి ఆగాను. మళ్ళీ కుట్టాను. ఉత్త చేతుల్తో మోసుకెళ్తుందా ఏంటి?

ఫిబ్రవరి 21

వచ్చి వెళ్ళింది.

చెప్పులు గుమ్మం బయట విడిచింది. రెండూ పక్కపక్కన, చక్కగా, చుట్టాలు విడిచినట్టు. అవి చూడగానే నాకు సగం అర్థమైంది.

సోఫా అంచున కూర్చుంది. మంచినీళ్ళిస్తే "థాంక్సండీ" అంది. మోకాలు ఎలా ఉంది అంది, మందులు వేసుకుంటున్నారా అంది, చిక్కిపోయారు అంది. ఏ మాటకీ ముందు గానీ వెనక గానీ పిలుపు లేదు. ఏమని పిలవాలో తెలీక మానేసినట్టుంది. తప్పు దానిది కాదు, నాకూ తెలీదు.

"అన్నం తిన్నావా?"

"తినే వచ్చానండీ."

"అబద్ధం. నీ కడుపు సంగతి నాకు చెప్తావా? వంటింట్లో ఆకు కడిగి పెట్టాను. నాకు ఎంత చేసినా కుదరట్లేదు. ఒక్కసారి చేసి చూపించు, నీకు పుణ్యముంటుంది."

అది పెనం వంక చూసింది, నా వంక చూసింది. లేచి చేతులు కడుక్కుంది.

ఈసారి నేను వీపు పెట్టలేదు. మిషను దగ్గర స్టూలు లాక్కొచ్చి స్టవ్వుకి ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. పెనం పొగలు కక్కింది. నూనె వేసింది, పెనాన్ని చుట్టూ తిప్పింది. వెల్లుల్లి వేసింది. నేను ఊపిరి బిగబట్టి ఏ డబ్బా తీస్తుందా అని చూస్తున్నాను. ఏ డబ్బా తియ్యలేదు. కుడి చెయ్యి పైకెత్తి చిటికెలు వేసింది. టప్, టప్, టప్. మూడోది మోగగానే ఆకంతా ఎత్తి పెనంలో పడేసింది. జుయ్యిమంది.

"ఏం చేశావు ఇప్పుడు?"

"చిటికెలండీ. వెల్లుల్లి వేశాక మూడు చిటికెలు ఆగి ఆకు వెయ్యాలి. ఎక్కువైతే మాడిపోతుంది. రోజూ చెప్పేదాన్నిగా?"

"చిటికెలంటే వేళ్ళతో వేసేవా! నేను ఉప్పు వేశానే. తర్వాత పంచదార వేశాను. మిరియాల పొడి కూడా..."

గరిటె పట్టుకుని వంగిపోయి నవ్వింది. ఇంట్లో ఆ నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో. "పంచదారా! అయ్యో అత్తయ్యా, ఎవరైనా ఆకుకూరలో..."

అక్కడ ఆగిపోయింది.  అలవాటు మీద జారిన మాట, వెనక్కి తీసుకోవడానికి లేదు. పెనంలో ఆకు తన మానాన తను చిటపటలాడుతోంది. మొహం పక్కకి తిప్పుకుని సోయా సాసు వేసింది. నువ్వుల నూనె వేసి దించింది.

ఇద్దరం బల్ల దగ్గర కూర్చుని తిన్నాం.  అది రెండోసారి వడ్డించుకుంది. నేనూ ఇంకాస్త పెట్టుకున్నాను, నేను లేస్తే అదీ లేచేస్తుందని.

గిన్నెలు కడిగి, పెనం తుడిచి, నూనె గుడ్డతో రుద్దింది. నేను సంచీ తెచ్చాను. అది పట్టీల మొదట్లో కుట్లు వేలితో తడిమింది.

"నేను వేరే పెనం కొనుక్కున్నానండీ" అంది నెమ్మదిగా. "ఇది మర్చిపోయి వెళ్ళలేదు. మీకు ఈ కూరంటే ఇష్టమని వదిలి వెళ్ళాను."

ఇన్నాళ్ళూ పెనం తాకట్టు పెట్టుకుని కూర్చున్నాను. దానికి ఆ పెనం అక్కర్లేదు. ఇవాళ వచ్చింది నేను రమ్మన్నానని, అంతే.

"సంచీ మాత్రం ఇవ్వండి, తీసుకెళ్తాను" అంది.

ఇచ్చాను. ఖాళీ సంచీ భుజాన వేసుకుంది. ఏడవకూడదు, ఏడిస్తే దానికి బరువు అనుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాను. అది చెప్పులు వేసుకుంది. అప్పుడు అంది.

"వెళ్తానండీ."

కింద చెత్త పారేసి రావడానికి వెళ్ళినా "వెళ్ళొస్తా అత్తయ్యా" అనే పిల్ల. డ్యూటీకి వెళ్తూ బస్సు తప్పిపోతున్నా మెట్ల మీంచి అరిచేది, వెళ్ళొస్తా అని. ఇవాళ ఆ మాటలో సగమే నాకిచ్చింది. రానని తెలుసు కాబట్టి వస్తానని అనలేదు. అబద్ధం చెప్పడం దానికి మొదట్నించీ రాదు. నా గుండె అక్కడే పగిలింది.

"వెళ్ళిరా అమ్మా" అన్నాను. నేను అనాల్సిన మాట నేను అనాలి కదా.

తలెత్తి చూసింది. కళ్ళు నిండిపోయాయి. మెట్లు దిగి వెళ్ళింది. కిటికీలోంచి చూశాను. మలుపు దాకా సంచీ కనపడింది.

ఫిబ్రవరి 22

వెళ్తానండీ అంది. బస్సు టైమై తొందరలో ఉంది.

కాదు. తొందరేమీ లేదు. వెళ్తాననే అంది.

ఫిబ్రవరి 28

సాయంత్రం ఆకు తెచ్చాను. కూరలాయన, "ఈ శనివారం మీ కోడలు రాలేదేమండీ?" అన్నాడు. ఇంక ఈ కొట్టుకి కూడా రాదన్నమాట. "లేదండీ" అన్నాను. చిల్లర గుర్తుపెట్టుకుని తీసుకున్నాను.

పెనం పొగలు కక్కేదాకా ఆగాను. నూనె వేసి తిప్పాను. వెల్లుల్లి వేసి, చెయ్యి పైకెత్తి చిటికె వేశాను. మోగలేదు. మళ్ళీ వేశాను. జన్మంతా కత్తెర పట్టుకుని బొటనవేలు మొద్దుబారిపోయింది, చర్మం జారుతుందే తప్ప చప్పుడు లేదు. పెనంలో వెల్లుల్లి రంగు మారుతోంది. ఏం చెయ్యాలో తోచలేదు. నోటికొచ్చింది అన్నాను.

"పిట్టా. పిట్టా. పిట్టా."

ఆకు వేశాను.

మా వాడు గదిలోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవర్ని పిలుస్తున్నావమ్మా?"

"ఎవర్నీ కాదురా. కూర చేస్తున్నాను."

సాసు, నువ్వుల నూనె, నువ్వులు. దించి పళ్ళెంలో వేశాను. వాడు నిలబడే ఒక కాడ తీసి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. ఇంకొకటి తీసుకున్నాడు. "అమ్మా, ఇది అచ్చం..." అని, మాట మింగేసి, పళ్ళెం తీసుకుని తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.  కాసేపటికి లోపల్నుంచి వాడి ఏడుపు వినపడింది. ఈసారి నా మిషను నడవట్లేదు.

తలుపు కొట్టలేదు. పెనంలో మిగిలిన నాలుగు ఆకులూ అన్నంలో వేసుకుని తిన్నాను.

కూర కుదిరింది.